మాత్రలోని గడియారం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

యాభై ఏళ్లపాటు ఒక సంఘాన్ని నడపడం మాటలు కాదు. కార్డు ముక్క మీద చిరునామా రాసుకుని ఇంటింటికీ తిరిగి సభ్యులను చేర్చిన పెద్దలు ఈ హాల్లోనే ఉన్నారు. ముందుగా వారికి నా కృతజ్ఞతలు.

ఎవరి వృత్తి గురించి వాళ్లు, అందరికీ అర్థమయ్యేలా ఇరవై నిమిషాలు మాట్లాడాలని కార్యదర్శిగారి ఆజ్ఞ. నేను ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి, ముప్ఫై ఏళ్లుగా మందుల తయారీలో పనిచేస్తున్నాను. మందు కనిపెట్టేవాళ్లు రసాయన శాస్త్రవేత్తలు. దాన్ని రాసిచ్చేవాళ్లు డాక్టర్లు. ఈ ఇద్దరి మధ్య మాలాంటి వాళ్లం కొందరం ఉంటాం. ఆ మందు ఒంట్లోకి ఎంత వేగంతో దిగాలి, ఆ వేగాన్ని ఎలా అదుపులో పెట్టాలి అన్నది మా పని.

బీపీకో, షుగర్‌కో గోలీ వేసుకునేవాళ్లు చేతులెత్తండి అంటే ఈ హాల్లో సగం చేతులు లేస్తాయి. మిగతా సగం మొహమాటపడతాయి. ఇంటికి వెళ్లాక ఆ గోలీ స్ట్రిప్ ఒకసారి తిప్పి చూడండి. పేరు చివర ఎస్.ఆర్. అనో, ఎక్స్.ఆర్. అనో, ఇ.ఆర్., ఎక్స్.ఎల్., సి.ఆర్. అనో, లేదా రిటార్డ్ అనో ఉండొచ్చు. అక్షరాలు వేరైనా చెప్పేది ఒకటే: ఈ గోలీలో మందుతోపాటు ఒక గడియారం కూడా ఉంది. ఇవాళ నేను మాట్లాడేది ఆ రెండక్షరాల గురించే.

ఒకే మందు, రెండు వేగాలు

నిఫెడిపిన్ అని ఒక బీపీ మందు ఉంది. 1970 దశకం నుంచి వాడుకలో ఉంది. మొదట్లో అది మెత్తటి క్యాప్సూల్‌లో, ద్రవరూపంలో వచ్చేది. బీపీ బాగా పెరిగి ఎవరైనా ఆస్పత్రికి వస్తే, ఆ క్యాప్సూల్‌కు సూదితో చిల్లి పెట్టి నాలుక కింద పిండేవారు. నిమిషాల్లో బీపీ దిగేది. చుట్టూ ఉన్నవాళ్లు అమ్మయ్య అనుకునేవారు.

తర్వాత అసలు సంగతి బయటపడింది. బీపీ అంత వేగంగా పడిపోతే మెదడుకూ గుండెకూ రక్తం సరిగా అందదు. కొందరికి పక్షవాతం వచ్చింది, కొందరికి గుండెపోటు వచ్చింది. ఈ పద్ధతిని ఆపాలని 1996లో అమెరికా వైద్య సంఘం పత్రికలో డాక్టర్లు గట్టిగా రాశారు. అయితే ఆ మందు మూలపడలేదు. అదే నిఫెడిపిన్‌ను రోజంతా నెమ్మదిగా వదిలే మాత్ర 1989లోనే అమెరికాలో అనుమతి పొందింది. నెమ్మదిగా వదిలే రూపాలు ఇవాళ్టికీ ప్రపంచమంతా వాడుతున్నారు.

అణువు అదే. మిల్లీగ్రాముల లెక్కలోనూ పెద్ద తేడా లేదు. మారింది వేగం ఒక్కటే. ఒక వేగంలో ప్రమాదమైన మందు ఇంకో వేగంలో పనికొచ్చే మందు అయింది. నా ముప్ఫై ఏళ్ల పనిని ఒక్క వాక్యంలో చెప్పమంటే ఇదే చెప్తాను: ఎంత మందు అన్నది ఎంత ముఖ్యమో, ఎంతసేపట్లో అన్నదీ అంతే ముఖ్యం.

రెండు గీతల మధ్య

రక్తంలో మందు మోతాదుకు రెండు గీతలు ఉంటాయనుకోండి. కింది గీతకు దిగువన ఉంటే మందు పనిచేయదు. పై గీత దాటితే హాని చేస్తుంది. మామూలు మాత్ర వేసుకుంటే మందు గబగబా పైకి ఎక్కి, కొన్ని గంటల్లో కిందికి జారిపోతుంది. అందుకే రోజుకు మూడు పూటలా వేసుకోమంటారు. మూడు పూటల మందు ఎవరం సరిగా వేసుకుంటాం చెప్పండి? మధ్యాహ్నం గోలీ ఆఫీసు డ్రాయర్‌లో మిగిలిపోతుంది. మందును రెండు గీతల మధ్యే, రోజుకు ఒక్క మాత్రతో నిలబెట్టాలన్నది మా ప్రయత్నం.

వినడానికి తేలికే. మన డాబా మీది నీళ్ల ట్యాంకును తీసుకోండి. నిండుగా ఉన్నప్పుడు కింద కుళాయి జోరుగా వస్తుంది. మట్టం తగ్గేకొద్దీ ధార సన్నబడుతుంది. మాత్ర కూడా అంతే. మొదట్లో మందు ఎక్కువ వదులుతుంది, పోనుపోను తక్కువ వదులుతుంది. 1961లో టకేరు హిగుచి అనే శాస్త్రవేత్త దీనికి ఒక లెక్క కట్టారు. మందును ఒక పదార్థంలో కలిపి ముద్ద చేస్తే, బయటికొచ్చే మందు కాలానికి వర్గమూలం చొప్పున పెరుగుతుంది. అంటే మొదటి గంటలో 20 శాతం వస్తే, 40 శాతం రావడానికి రెండు గంటలు సరిపోవు, నాలుగు గంటలు పడుతుంది. పైపొరలోని మందు వెళ్లిపోయాక లోపలి మందు ఇంకా దూరం నడిచి రావాలి కదా. తొమ్మిదో తరగతి లెక్కల్లో వర్గమూలాలు ఎందుకు సార్ అని అడిగినవాళ్లకు ఇదీ జవాబు.

సబ్జా గింజ, సగ్గుబియ్యం, కిస్మిస్

ఈ వేగాన్ని అదుపు చేసేవి పాలిమర్లు. పాలిమర్ అంటే చిన్న అణువులు వేల సంఖ్యలో చేయీ చేయీ పట్టుకుని ఏర్పడిన పొడవాటి గొలుసు. పత్తిలో ఉన్నది పాలిమరే, సైకిల్ ట్యూబూ పాలిమరే, ప్లాస్టిక్ బకెట్టూ పాలిమరే. మేం వాడేవాటిలో చాలామటుకు పత్తి గుజ్జు, కలప గుజ్జుల నుంచి తీసిన సెల్యులోజ్‌ను కొంచెం మార్చి చేసినవి. వాటితో గడియారం కట్టడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటిది సబ్జా గింజ దారి. ఎండాకాలం షర్బత్‌లో సబ్జా గింజలు వేస్తే ఏమవుతుంది? నీళ్లు పీల్చి చుట్టూ జిగురు పొర కడుతుంది. లోపల నల్లగింజ అలాగే ఉంటుంది. హెచ్.పి.ఎం.సి. అనే పాలిమర్ సరిగ్గా ఇలాగే చేస్తుంది. మందును ఈ పాలిమర్ పొడితో కలిపి మాత్రగా అదుముతాం. కడుపులోకి వెళ్లగానే పైన జిగురు పొర ఏర్పడుతుంది. మందు ఆ పొరలోంచి మెల్లగా ఊరుతూ బయటికొస్తుంది. పొర పైభాగం కొంచెం కొంచెంగా కరుగుతూ ఉంటుంది కాబట్టి లోపలి మందు నడవాల్సిన దూరం మరీ పెరగదు. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ ఎక్స్.ఆర్. మాత్రలు ఈ జాతివే. రాత్రి భోజనంతో వేసుకోమనడానికి కారణముంది. మెట్‌ఫార్మిన్ చిన్నపేగు పైభాగంలో ఎక్కువగా రక్తంలో కలుస్తుంది. కడుపులో అన్నం ఉంటే మాత్ర అక్కడే ఎక్కువసేపు నిలిచి, కొద్దికొద్దిగా మందును కిందికి పంపుతుంది.

రెండోది సగ్గుబియ్యం దారి. కొన్ని క్యాప్సూళ్లు విప్పితే సన్నటి సగ్గుబియ్యంలాంటి గుళికలు కనిపిస్తాయి. చక్కెర పలుకు మీద మందు పూసి, దానిపైన పాలిమర్ పూత వేస్తాం. ఇథైల్ సెల్యులోజ్ పూత నీళ్లలో కరగదు. నీళ్లు దానిగుండా లోపలికి ఊరి, మందును కరిగించి మెల్లగా బయటికి తెస్తాయి. 1952లో అమెరికాలో స్పాన్స్యూల్ అనే పేరుతో ఈ తరహా క్యాప్సూల్ మొదట బజారుకొచ్చింది. ఇంకో రకం పూత కడుపులోని ఆమ్లంలో కరగకుండా ఉండి, పేగుల్లోకి చేరాక కరుగుతుంది. మనమంతా గ్యాస్ గోలీ అనే ఒమెప్రజోల్, పాంటాప్రజోల్‌లకు ఉండేది ఆ పూతే. ఆ మందులు ఆమ్లంలో పాడైపోతాయి. పూత వాటికి గొడుగు.

మూడోది కిస్మిస్ దారి. ఎండుద్రాక్షను నీళ్లలో వేస్తే ఉబ్బుతుంది. తొక్క నీళ్లను లోపలికి రానిస్తుంది, లోపలి తీపిని అంత సులువుగా బయటికి పోనివ్వదు. 1970 దశకంలో అమెరికాలో ఫెలిక్స్ థ్యూవెస్ బృందం ఈ సూత్రంతో మాత్ర చేసింది. చుట్టూ సెల్యులోజ్ ఎసిటేట్ తొడుగు, దానికి లేజర్‌తో ఒకే ఒక్క సన్నటి రంధ్రం. నీళ్లు తొడుగులోంచి లోపలికి వస్తాయి, ఒత్తిడి పెరుగుతుంది, మందు ద్రావణం ఆ రంధ్రంలోంచి బయటికి వస్తుంది. లోపల కరగని మందు ఇంకా మిగిలి ఉన్నంతసేపూ ద్రావణం గాఢత తగ్గదు కాబట్టి వేగమూ తగ్గదు. ట్యాంకులో మట్టం తగ్గని ఏర్పాటు అన్నమాట. ఇందాక చెప్పిన 1989 నాటి నిఫెడిపిన్ మాత్ర ఈ కుటుంబానిదే. ఆ మందు నీళ్లలో సరిగా కరగదు కనుక, మాత్ర అడుగున ఉబ్బే పాలిమర్ పొర ఒకటి పెట్టి, అది మందును పైకి నెట్టేలా చేశారు.

ఈ తొడుగు ఒంట్లో కరగదు. పని అయ్యాక మలంతోపాటు గోలీ రూపంలోనే బయటికి పోతుంది. మెట్‌ఫార్మిన్ ఎక్స్.ఆర్. మాత్రల్లోనూ ఒక్కోసారి మెత్తటి ముద్ద అలా కనిపిస్తుంది. గోలీ గోలీలాగే వచ్చేసింది, మందు పనిచేయలేదు అని కంగారుపడి ఇంకొకటి వేసుకునేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. అది ఖాళీ డబ్బా. సరుకు ఎప్పుడో దిగిపోయింది.

మన ఊరి వంతు

ఈ విద్యలో మన జంటనగరాలకూ ఒక వంతుంది. మలేరియా దోమలో ఎలా పెరుగుతుందో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది మన సికింద్రాబాద్‌లోనే అని బడిలో అందరం చదువుకున్నాం. ఆ తర్వాతి పెద్ద అధ్యాయం 1960 దశకంలో బాలానగర్‌లో వచ్చిన ఐ.డి.పి.ఎల్. మందుల తయారీ నేర్పిన బడి అది. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన కె. అంజిరెడ్డిగారు అక్కడ పనిచేసినవారే. అక్కడ పని నేర్చుకున్న ఎందరో తర్వాత సొంతంగా పరిశ్రమలు పెట్టారు. మొదట్లో మన బలమంతా ముడి మందు తయారీలో ఉండేది. నెమ్మదిగా వదిలే మాత్రల వైపు ముందుగా అడుగేసినవాళ్లలో నాట్కో ఒకటి. అమెరికాలో ఔషధరంగంలో పనిచేసి వచ్చిన నన్నపనేని వెంకయ్య చౌదరిగారు 1981లో దాన్ని స్థాపించారు. ఇవాళ నగరం చుట్టూ ఉన్న పరిశ్రమలు పూత వేసిన గుళికలను దేశవిదేశాలకు పంపుతున్నాయి.

ఇందులో మా ఇంజనీర్ల పని ఎక్కడొస్తుందో ఒక ఉదాహరణ చెప్తాను. ఒక మందు అణువు మీద పేటెంట్ తీరిపోయినా, దాన్ని నెమ్మదిగా వదిలే ఏర్పాటు మీద ఇంకో పేటెంట్ ఉండొచ్చు. అప్పుడు మేం వేరే పాలిమర్‌తో, వేరే దారిలో, అదే వేగం సాధించాలి. ఊరు అదే, రైలు వేరు, చేరే టైము మాత్రం మారకూడదు.

టైము మారితే ఏమవుతుందో 2012లో అమెరికాలో తెలిసింది. మానసిక కుంగుబాటుకు వాడే బుప్రొపియాన్ ఎక్స్.ఎల్. 300 మిల్లీగ్రాముల మాత్రకు వచ్చిన ఒక జనరిక్ గురించి చాలామంది రోగులు ఇది మాకు పనిచేయట్లేదు అని కొన్నేళ్లుగా మొత్తుకున్నారు. చివరికి పరీక్షించి చూస్తే అది అసలు మాత్రతో సమానం కాదని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ప్రకటించింది. అందులో ఉన్న మందు సరైనదే, తూకమూ సరైనదే. వదిలే తీరు వేరు. ఇది విని జనరిక్‌లన్నీ నాసిరకం అనుకోకండి. సరిగా పరీక్షించిన జనరిక్ పేదవాడికి ప్రాణం. నెమ్మదిగా వదిలే మాత్రల్లో ఆ పరీక్ష ఇంకా గట్టిగా ఉండాలన్నదే ఆ సంఘటన చెప్పిన పాఠం.

వెంట్రుకంత పూత

గుళికలకు పూత వేసే యంత్రం చూస్తే మీకు పేలాలు వేయించడం గుర్తొస్తుంది. కింది నుంచి వేడిగాలి కొడుతుంటే లక్షల గుళికలు ఎగిరి పడుతుంటాయి. వాటి మీద పాలిమర్ ద్రావణం తుంపరగా పడుతుంది. తుంపర ఎక్కువైతే గుళికలు ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి. గాలి వేడెక్కువైతే తుంపర గుళికను చేరకముందే ఎండి దుమ్మవుతుంది. వర్షాకాలంలో గాలిలో తేమ పెరిగితే లెక్కలన్నీ మారతాయి. అందుకే లోపలి గాలి వేడినీ తేమనూ యంత్రాలతో కట్టడి చేస్తాం. కొన్ని పూతలను వేశాక కూడా కొన్ని గంటలు వెచ్చగా మాగబెట్టాలి. లేకపోతే పూత నెలల తరబడి గోదాములో తనంతట తానే బిగుసుకుంటూ, మందును వదిలే వేగం తగ్గిపోతుంది.

ఇంత పట్టింపు ఎందుకంటారా? ఆ పూత చాలాసార్లు వెంట్రుక మందం కూడా ఉండదు. ఒక చిన్న లెక్క చూడండి. ఒక మిల్లీమీటరు గుళికల బదులు అర మిల్లీమీటరు గుళికలు తీసుకున్నారనుకోండి. బరువు అంతే, పూత పదార్థమూ అంతే. గుళిక సగమైతే మొత్తం ఉపరితలం రెండింతలవుతుంది. అదే పూత రెండింతల ఉపరితలం మీద పరుచుకోవాలి కాబట్టి మందం సగమవుతుంది. రెండింతల వాకిలి, సగం గోడ. మందు వదిలే వేగం దాదాపు నాలుగింతలు. కంటికి కనబడని తేడా రోగి రక్తంలో కనబడుతుంది.

అందుకే ప్రతి బ్యాచ్ నుంచి మాత్రలు తీసి, ఒంటి వేడి అయిన 37 డిగ్రీల ద్రావణంలో తిప్పుతూ గంటగంటకూ ఎంత మందు వదిలిందో కొలుస్తాం. మెటొప్రొలాల్ అనే గుండె, బీపీ మందు నెమ్మది మాత్రనైతే 1, 4, 8, 20 గంటలకు చూస్తారు. నాలుగో గంటకు 20 నుంచి 40 శాతం మధ్యే ఉండాలి. తక్కువ వచ్చినా తప్పే, ఎక్కువ వచ్చినా తప్పే. ఆఖరి కొలత కోసం తెల్లవారుజామున ప్రయోగశాలలో ఎవరో ఒకరు మేలుకుని ఉంటారు.

కడుపు దాటి

పాలిమర్ల పని మాత్రలతో ఆగలేదు. 1960 దశకం మొదట్లో జుడా ఫోక్‌మన్ అనే అమెరికా డాక్టర్, సిలికోన్ రబ్బరు గొట్టంలోంచి కొన్ని పదార్థాలు మెల్లగా బయటికి ఊరడం గమనించారు. 1976లో ఆయన, రాబర్ట్ లాంగర్ కలిసి ప్రొటీన్లలాంటి పెద్ద అణువులను కూడా పాలిమర్ నుంచి చాలా రోజులపాటు వదిలించవచ్చని చూపించారు. లాంగర్ మాలాగే కెమికల్ ఇంజనీర్. ఆ మాట చెప్పుకోకుండా నేను ఉండలేను.

ఆ తర్వాత ఒంట్లోనే కరిగిపోయే పాలిమర్లు వచ్చాయి. పి.ఎల్.జి.ఎ. అనే పాలిమర్ లాక్టిక్ ఆమ్లం, గ్లైకాలిక్ ఆమ్లాల గొలుసు. లాక్టిక్ ఆమ్లం మన పెరుగులో ఉండేదే. నీళ్లు తగిలేకొద్దీ గొలుసు ముక్కలై, చివరికి ఒళ్లు వాటిని మామూలుగా ఖర్చు చేసుకుంటుంది. ఆపరేషన్ తర్వాత కరిగిపోయే కుట్లలో వాడేది ఈ కుటుంబమే. ఈ పాలిమర్‌తో చేసిన సూక్ష్మమైన గోళాల్లో మందు నింపి ఇంజక్షన్ ఇస్తే వారాలు, నెలలు పనిచేస్తుంది. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు నెలకొకసారి ఇచ్చే ల్యూప్రోలైడ్ ఇంజక్షన్ 1989లో అమెరికాలో వచ్చింది. స్కిజోఫ్రీనియాకు రెండు వారాలకొకసారి ఇచ్చే రిస్పెరిడోన్ ఇంజక్షన్ 2003లో వచ్చింది. రోజూ మందు వేసుకున్నావా అని అడగాల్సిన బాధ, ఆ అడగడంలోంచి పుట్టే గొడవ ఎంతటివో అలాంటి మనిషి ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ఆ గొడవను నెలకు రెండు రోజులకు కుదించడం చిన్న సాయం కాదు. అయితే ఒక మాట: ఇలాంటి ఇంజక్షన్ ఇచ్చాక వెనక్కి తీయలేం. అందుకే ముందు మాత్రలతో ఆ మందు పడుతుందో లేదో చూస్తారు.

గుండె స్టెంట్లలోనూ పాలిమరే. డాక్టర్ సోమరాజుగారు, అబ్దుల్ కలాంగారు కలిసి 1990 దశకంలో మన హైదరాబాద్‌లో చవక స్టెంట్ తెచ్చారు. అది వట్టి లోహపు స్టెంట్. వట్టి లోహం పెడితే కొందరికి ఆ చోట కణజాలం పెరిగి నాళం మళ్లీ పూడుకుపోయేది. లోహం మీద పాలిమర్ పూతలో మందు పెట్టి వారాలపాటు వదిలేలా చేసిన స్టెంట్లు 2003లో అమెరికాలో అనుమతి పొందాయి. మళ్లీ పూడుకుపోవడం బాగా తగ్గింది. మన దేశంలో లక్ష రూపాయలు దాటి అమ్మిన ఆ స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం 29,600 రూపాయల పరిమితి పెట్టింది. స్టెంట్ ఉన్న మిత్రులకు ఒక విన్నపం. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన గోలీలను పంటి డాక్టర్ ఆపమన్నా, పక్కింటాయన ఆపమన్నా, మీ గుండె డాక్టర్‌ను అడగకుండా ఆపకండి.

శ్రద్ధే ప్రమాదమైన చోటు

ఇప్పటిదాకా చెప్పింది ఫ్యాక్టరీ లోపలి సంగతి. ఇక ఫ్యాక్టరీ దాటి మన వంటింట్లోకి వచ్చాక ఏమవుతుందో చెప్పి ముగిస్తాను. నేను ఇవాళ ఇక్కడికి వచ్చింది నిజానికి ఇది చెప్పడానికే.

మా బంధువుల్లో ఒక పెద్దావిడకు పక్షవాతం వచ్చింది. మింగలేక ముక్కులోంచి గొట్టం వేశారు. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు కాగితం మీద మాత్రలన్నీ పొడి చేసి గొట్టంలోంచి ఇవ్వండి అని రాసి ఉంది. వాటిలో ఒకటి మెటొప్రొలాల్ ఎక్స్.ఎల్. రోజంతా కొద్దికొద్దిగా వదలాల్సిన మాత్ర. కోడలు ఎంతో ఓపికగా చిన్న కల్వంలో నూరి, గొట్టానికి అడ్డుపడకుండా గుడ్డలో వడగట్టి ఇచ్చింది. ఎంత మెత్తగా నూరితే అంత మంచిదనుకుంది. మూడో రోజు పొద్దున పెద్దావిడకు చెమటలు, మగత. నాడి చూస్తే నిమిషానికి 42. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లారు. దేవుడి దయ, డాక్టర్ల తెలివి, మనిషి దక్కింది. తర్వాత డాక్టర్ అదే మందును మామూలు మాత్రగా మార్చి, రెండు పూటలకు విడగొట్టి రాశారు.

ఆ కోడలి తప్పు ఏముంది? ఆమె ఇంకాస్త అశ్రద్ధగా, బరకగా నూరి ఉంటే ప్రమాదం కొంత తగ్గేదేమో. ఆ మాత్రలో 20 గంటల గడియారం ఉందని, తాను నూరుతున్నది మందును కాదు ఆ గడియారాన్ని అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నమలకూడదు, నూరకూడదు అనే ముక్క స్ట్రిప్ వెనక ఇంగ్లీషులో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. మందుల షాపులో అడిగే తీరిక మనకు లేదు, చెప్పే తీరిక వాళ్లకు లేదు. మేం వెంట్రుకంత పూతను నెలల తరబడి సరిచూసి పంపుతాం. ఇంట్లో అర నిమిషంలో అది పొడైపోతుంది.

మన వయసువాళ్లం ఇప్పుడు రెండు వైపులా ఉన్నాం. మన గోలీలు మనకు మొదలయ్యాయి, అమ్మానాన్నల గోలీలు మనమే ఇస్తున్నాం. అందుకే కొన్ని మాటలు గుర్తుపెట్టుకోండి.

ఒకటి. పేరు చివర ఆ అక్షరాలున్న మాత్రను నమలకూడదు, నూరకూడదు, చప్పరించకూడదు. కొన్ని మెటొప్రొలాల్ మాత్రల్లాంటివాటిలో లోపల పూత వేసిన గుళికలే ఉంటాయి కాబట్టి గీత దగ్గర విరవచ్చు. అన్నిటికీ అది కుదరదు. విరిచే ముందు డాక్టర్‌నో ఫార్మసిస్టునో అడగండి.

రెండు. మింగలేని పెద్దవాళ్లున్నా, గొట్టం వేసినా, ముందే చెప్పి మందు మార్పించుకోండి. చాలా మందులకు సిరప్ ఉంటుంది, లేదా మామూలు మాత్ర ఉంటుంది. కొన్ని గుళికల క్యాప్సూళ్లను విప్పి మెత్తటి ఆహారంలో కలిపి నమలకుండా మింగించవచ్చు. ఏది కుదురుతుందో చెప్పాల్సింది డాక్టరే.

మూడు. షాపులో ఎస్.ఆర్. లేదు, మామూలుది తీసుకోండి, అంతా ఒకటే అంటే ఒప్పుకోకండి. అంతా ఒకటి కాదని ఇంతసేపూ చెప్పాను.

నాలుగు. మందుతో మందు కలపకండి. మన మిత్రులు నవ్వుతున్నారు, అర్థమైంది. నవ్వాల్సిన సంగతి కాదు. కొన్ని పాలిమర్లు నీళ్లలో నిలుస్తాయి, ఆల్కహాల్‌లో కరిగిపోతాయి. పల్లడోన్ అనే గట్టి నొప్పి మందు రోజంతా పనిచేసే క్యాప్సూల్‌గా వచ్చింది. గాఢమైన ఆల్కహాల్‌తో తీసుకుంటే రక్తంలో మందు సగటున ఆరింతలు ఎక్కుతోందని తేలి, 2005లో అమెరికా బజారు నుంచి దాన్ని తీసేశారు.

ఐదు. ఒక పూట మరిచిపోతే, మరుసటి పూట రెండు వేసుకోకండి.

చివరగా సంఘానికి ఒక విన్నపం. మన పూర్వ విద్యార్థుల్లో డాక్టర్లున్నారు, ఫార్మసిస్టులున్నారు, సొంతంగా మందుల షాపులు నడిపేవాళ్లున్నారు. ఆరోగ్య శిబిరాల్లో మనం బీపీ, షుగర్ చూసి పంపిస్తున్నాం. ఇకనుంచి వచ్చేవాళ్లను వాళ్ల గోలీల సంచి కూడా వెంట తెమ్మందాం. ఆ అక్షరాలున్న ప్రతి స్ట్రిప్ మీద "నమలకూడదు, నూరకూడదు" అని తెలుగులో, ఉర్దూలో, హిందీలో పెద్ద అక్షరాల స్టిక్కర్ అంటిద్దాం. స్టిక్కర్ల ఖర్చు నాది. అంటించే చేతులు మీవి. ఒక సాయంత్రం పనికి ఒక్క ఇంట్లో ఒక్క కోడలు కల్వం పక్కన పెడితే చాలు, మన స్వర్ణోత్సవానికి అంతకన్నా గుర్తు అక్కర్లేదు.

భోజనాలు సిద్ధంగా ఉన్నాయంటున్నారు. భోజనంతో వేసుకోవాల్సిన గోలీలున్నవాళ్లు మరిచిపోకండి. సెలవు.